వెంపలిని మిద్దె మీద పెంచడం: గింజ గీకడం దగ్గర్నుంచి కాయ పగిలేదాకా

"వెంపలి చెట్లకు నిచ్చెనలు వేసుకుని ఎక్కే రోజులొస్తాయే" అని మా అవ్వ అంటూ ఉండేది. కలియుగం చివరికొచ్చేసరికి మనుషులు అంత పొట్టివాళ్లు అయిపోతారని దాని అర్థం. అనంతపురం వైపు పుట్టినవాళ్లకు ఈ మాట కొత్తేం కాదు. మోకాలు దాటి, మహా అయితే నడుము దాకా వచ్చే మొక్క అది. దానికి నిచ్చెనేమిటని చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని. ఇప్పుడు బెంగళూరులో, కె.ఆర్.పురంలో, మూడో అంతస్తు పైన ట్యాంకు పక్క వెంపలి పెంచుతున్నాను. రోజూ పొద్దున దాన్ని చూడాలంటే ఇనప నిచ్చెన ఎక్కి వెళ్లాలి. అవ్వ మాట ఇలా నిజమవుతుందనుకోలేదు.

ఇదంతా మా అక్క కొడుకు పంపిన ఫోటోతో మొదలైంది. వాడు కొలరాడోలో ఉంటాడు. కొండల్లో నడకకు వెళ్లినప్పుడు ఊదారంగు పూల మొక్క ఒకటి కనిపిస్తే ఫోటో తీసి "పిన్నీ, ఇది మన వెంపలిలా లేదూ?" అని పంపాడు. ఈనెకు రెండు వైపులా జతలు జతలుగా చిన్న ఆకులు, చిక్కుడు పువ్వు లాంటి పువ్వు, నిజంగానే అలాగే ఉంది. అది మిల్క్‌వెచ్. శాస్త్రవేత్తలు ఆ గుంపును ఆస్ట్రాగలస్ అంటారు. పూల మొక్కల ప్రజాతుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే, దాదాపు 3 వేల జాతులున్నాయి. మేకలు దీన్ని మేస్తే పాలు ఎక్కువిస్తాయని యూరప్‌లో ఒక పాత నమ్మకం, పేరు అలా వచ్చింది. అదే గుంపులో కొన్నిటిని మేసిన పశువులు పిచ్చెత్తినట్టు తూలిపోతాయి, అమెరికా పశువుల కాపర్లు వాటిని లోకోవీడ్ అంటారు. చైనా వైద్యంలో వాడే హువాంగ్ చీ వేరు, ఇరాన్ నుంచి వచ్చే ట్రాగకాంత్ బంక కూడా ఈ గుంపువే.

గింజలు తెచ్చిపెట్టనా అని అడిగాడు. వద్దన్నాను. విదేశీ విత్తనాలు జేబులో వేసుకొచ్చే సరుకు కాదు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్ ఉండాలి, ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. పైగా మిల్క్‌వెచ్‌లలో చాలావరకు చలి ప్రాంతాల మొక్కలు, మన దేశంలోనూ ఎక్కువగా హిమాలయాల్లోనే కనిపిస్తాయి. కెనడా మిల్క్‌వెచ్ అనే రకం ఉంది. దాని గింజను గీకడమే కాకుండా, తడి ఇసుకలో కలిపి కొన్నాళ్లు ఫ్రిజ్‌లో పెట్టి చలికాలం వచ్చి పోయిందని నమ్మించాలి. అంతా చేసి మొలిపించినా, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఇక్కడ పడే వానకు దాని వేరు కుళ్లదని నాకైతే నమ్మకం లేదు.

అదే చిక్కుడు కుటుంబంలో మన గడ్డ మీదే పుట్టిన చుట్టం వెంపలి ఉండగా ఇంత తిప్పలెందుకు? పెంచే పద్ధతి ఇద్దరికీ దాదాపు ఒకటే. గట్టి గింజ తోలు, నేరుగా కిందికి దిగే తల్లివేరు, వేరుబుడిపెలు, ఎరువంటే గిట్టకపోవడం. వెంపలి పెంచడం వచ్చిందంటే అడవి చిక్కుడు జాతి మొక్క ఏదైనా సగం వచ్చినట్టే. చాకిరీ అంతా గింజ దగ్గరే చేయాలి. మొలక కాస్త నిలదొక్కుకున్నాక చేతులు కట్టుకుని కూర్చోవాలి. నాకు రెండోదే కష్టమైంది.

ముందు మొక్కను సరిగ్గా గుర్తుపట్టండి

శాస్త్రీయ నామం టెఫ్రోసియా పర్‌ప్యూరియా. గ్రీకులో టెఫ్రోస్ అంటే బూడిద రంగు. ఆకు మీద పడుకున్న సన్నటి నూగు వల్ల మొక్క దూరానికి కాస్త బూడిద పూసినట్టుంటుంది. కన్నడంలో కొగ్గిలి అంటారు, ఎంపలి అన్నా తెలుస్తుంది. తమిళంలో కొళింజి. సంస్కృతంలో శరపుంఖ, అంటే బాణం వెనక కట్టే ఈకల భాగం.

ఆ సంస్కృతం పేరులోనే గుర్తుపట్టే ఉపాయం ఉంది. ఒక చిన్న ఆకును రెండు చివర్లా పట్టుకుని మెల్లగా లాగండి. అడ్డంగా తిన్నగా తెగదు. పక్క ఈనెల వెంబడి ఏటవాలుగా చీలి, ఒక ముక్క బాణం వెనక భాగంలా మొనదేలుతుంది, రెండో ముక్కకు దానికి సరిపోయే గంటు పడుతుంది. నాలుగైదు ఆకులతో చేసి చూడండి, అన్నీ అలాగే తెగాలి.

రోడ్డు పక్క దీనితో పాటే పెరిగే నీలి మొక్కను చూసి చాలామంది పొరబడతారు. నీలి ఆకు ఇలా తెగదు, దాని కాయ గుండ్రంగా పుల్లలా ఉంటుంది. వెంపలి కాయ బల్లపరుపుగా, 3 నుంచి 5 సెంటీమీటర్ల పొడవు, కొస దగ్గర కొంచెం పైకి వంగి ఉంటుంది. పువ్వు గులాబీకి ఊదాకు మధ్య రంగు, కందిపువ్వులో సగం కూడా ఉండదు. కాయల మీద ఒత్తుగా తెల్లటి నూగు ఉంటే అది వెంపలిలోనే వేరే జాతి. పెంచడానికి అదీ బాగానే ఉంటుంది గానీ రెండిటి గింజలు కలపకండి.

గింజలు సంపాదించడం

నర్సరీల్లో అడిగి అడిగి విసిగిపోయాను. లాల్‌బాగ్ దగ్గర ఒకాయన నన్ను పైకీ కిందికీ చూసి "అది కలుపు కదమ్మా" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మూలికలు అమ్మే గ్రంధిగె అంగళ్లలో ఎండిన వేరు, సమూలం (వేరుతో సహా మొత్తం మొక్క) దొరుకుతాయి. వాటిలో అప్పుడప్పుడు కాయలు కూడా ఉంటాయి గానీ ఎన్నాళ్ల నాటివో, ఎలా ఎండబెట్టారో చెప్పలేం.

నిజానికి గింజలు కొనాల్సిన పనే లేదు. హొసకోటె దాటితే రోడ్డు పక్క, చెరువు కట్టల మీద, ఇల్లు కట్టకుండా వదిలేసిన సైట్లలో ఉంటుంది. మా వీధి చివర ఖాళీ సైట్‌లోనే ఐదారు మొక్కలున్నాయని నాకు ఏడాది తర్వాత గానీ తెలియలేదు. రక్షిత అడవిలోకి వెళ్లి మాత్రం కోయకండి, రోడ్డు పక్క దొరికేది చాలు. సైట్ అయితే యజమానిని ఒక మాట అడగండి. నేనడిగితే ఆయన ఆశ్చర్యపోయి, మొత్తం పీకి పట్టుకెళ్లమన్నాడు.

వానలకు పూత వచ్చి, చలికాలం మొదలయ్యేసరికి కాయలు ముదురుతాయి. ఇక్కడ అక్టోబరు చివర నుంచి జనవరి దాకా వెతకండి. కాయ పచ్చగా ఉంటే తొందర, నల్లబడి మెలితిరిగితే ఆలస్యం. గడ్డి రంగు నుంచి గోధుమ రంగుకు తిరిగి, ఊపితే లోపల గింజ కదిలినట్టు అనిపించినప్పుడు కోయాలి. కాయ ఎండాక రెండు బద్దలూ మెలితిరిగి పటుక్కున పగులుతుంది, గింజ అడుగు దూరం ఎగిరిపోతుంది. అందుకే పళ్లెంలో ఎండబెట్టొద్దు. కాగితం కవరులో వేసి, మూతి మడిచి, నీడలో వారం ఉంచండి. రాత్రిళ్లు కవరులో చిటపట వినిపిస్తుంది. మొదటిసారి మా ఆయన బొద్దింక అనుకుని లేచారు.

కాయకు ఐదు నుంచి ఎనిమిది దాకా గింజలుంటాయి. మెంతిగింజంత సైజు, బూడిద గోధుమ రంగు మీద చిన్న మచ్చలు. గుండ్రటి చిల్లు ఉన్న గింజను పారేయండి, అది పుచ్చు పురుగు బయటికొచ్చిన దారి. బాగున్నవాటిలోనూ పురుగు గుడ్లు ఉండొచ్చు కాబట్టి, బాగా ఎండిన గింజల్ని గాలి చొరని డబ్బాలో పెట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచుతాను. తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తెరవకూడదు, తెరిస్తే గింజలకు చెమ్మ పడుతుంది.

గింజ గీకడం

ఈ గైడ్‌లో ఇంకేదీ చదవకపోయినా ఇది చదవండి.

మొదటి ఏడాది నేను 40 గింజలు రాత్రంతా నానబెట్టి పొద్దున నాటాను. మూడు మొలిచాయి. విత్తనాలే చెడ్డవేమో అనుకుని కుండీలు ఓ మూలకు నెట్టేశాను. మరుసటి జూన్‌లో అవే కుండీల్లో, నేను వేసిన కొత్తిమీర మధ్య నుంచి, ఇంకో ఏడెనిమిది వెంపలి మొలకలు లేచాయి. గింజలు బాగానే ఉన్నాయి. తోలు తెరుచుకోలేదు, అంతే.

అడవి చిక్కుడు జాతి గింజలకు ఇది బతుకు తెలివి. తోలు మీది మైనం లాంటి పొర నీటిని లోపలికి పోనివ్వదు. ఒక్క వానకే అన్నీ మొలిచి, ఆ వెంటనే ఎండ కాస్తే వంశమే పోతుంది కదా. అందుకని కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు. మన్నులో రాపిడికి, ఎండావానలకు తోలు మెల్లగా అరుగుతుంది. మనకు అంత ఓపిక లేదు గనక ఆ పని చేత్తో చేస్తాం.

పది ఇరవై గింజలైతే గరుకు కాగితం చాలు. కాగితం ముక్క నేల మీద పరిచి, దాని మీద గింజలు పోసి, ఇంకో ముక్కతో పైనుంచి అదిమి గుండ్రంగా రుద్దండి. గింజ మీది నిగనిగ పోయి మసకబారాలి. లోపలి పసుపు పప్పు కనిపించిందంటే ఎక్కువ రుద్దినట్టు. ఒక్కొక్క గింజను గోళ్ల కత్తెరతో చిన్నగా గంటు పెట్టినా బాగా పనిచేస్తుంది. కాకపోతే గింజకు నొక్కుపడి బొడ్డులా ఉన్న చోటు వదిలేసి, దానికి ఎదురు వైపు పెట్టాలి. మొలక వచ్చేది ఆ బొడ్డు పక్క నుంచే.

గుప్పెడు గింజలుంటే రోట్లో వేసి, దానికి రెండింతలు గరుకు ఇసుక కలిపి, రోకలితో దంచకుండా రుబ్బినట్టు తిప్పండి. రెండు మూడు నిమిషాలు చాలు. మిక్సీలో వేద్దామన్న ఆలోచన నాకూ వచ్చింది, వేశాను కూడా. పిండి అయింది.

ఇంకో దారి వేడినీళ్లు. నీళ్ల వేడి 55 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటర్ లేకపోతే ఒక గ్లాసు మరిగిన నీళ్లకు ఒకటిన్నర గ్లాసు కుళాయి నీళ్లు కలిపితే ఇంచుమించు అంతే వస్తుంది. గింజల్ని గుడ్డలో మూటకట్టి అందులో రెండు మూడు నిమిషాలు ముంచి, తీసి చన్నీళ్లలో వేయండి. గీకడానికి ఓపిక లేనివాళ్లకు ఇది బాగానే ఉంటుంది, కానీ నా అనుభవంలో ఇసుక పద్ధతికే ఎక్కువ మొలిచాయి.

ఏ పద్ధతి చేసినా తర్వాత రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టండి. పొద్దునకు కొన్ని గింజలు ఉబ్బి రెట్టింపు కనిపిస్తాయి, కొన్ని వేసినవి వేసినట్టే ఉంటాయి. ఉబ్బినవి ఆ పూటే విత్తాలి. ఉబ్బనివాటిని ఆరబెట్టి మళ్లీ గీకండి. పారేయకండి, అవి చచ్చిన గింజలు కావు.

ఎప్పుడు విత్తాలి

జూన్‌లో. నైరుతి వానలు మొదలై, మబ్బు పట్టిన రోజుల్లో. కుదరకపోతే సెప్టెంబరు మొదటి వారం దాకా పర్వాలేదు, అప్పుడు మొక్క చిన్నగా ఉండగానే పూతకు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పడే మామిడి జల్లుల్ని చూసి మోసపోకండి. రెండు రోజులు తడి, ఆ తర్వాత పది రోజులు మిద్దె కాలిపోతుంది. డిసెంబరు, జనవరిలో ఇక్కడి రాత్రి చలికి గింజ బద్ధకిస్తుంది. చెన్నైలో ఉన్న మా చెల్లెలు మాత్రం సెప్టెంబరు చివర విత్తుతుంది. వాళ్ల పెద్ద వానలు అక్టోబరులో ఈశాన్యం నుంచి వస్తాయి మరి.

కుండీ, మన్ను

వెడల్పు కన్నా లోతు ముఖ్యం. తల్లివేరు మొలక కన్నా వేగంగా పెరుగుతుంది. పైన నాలుగు ఆకులున్నప్పుడే కింద జానెడు వేరుంటుంది. అందువల్ల కనీసం 15 అంగుళాల లోతున్న కుండీ, లేదా పాత పెయింట్ బకెట్‌ను బాగా కడిగి, అడుగున ఐదారు చిల్లులు పెట్టి వాడండి. గ్రో బ్యాగ్ అయితే పొడుగాటిది తీసుకోండి. చిన్న ట్రేలో మొలిపించి తర్వాత మార్చుదామనుకుంటే తల్లివేరు తెగుతుంది, మొక్క ముడుచుకుపోతుంది. ఎక్కడ పెరగాలో అక్కడే విత్తాలి.

మన్ను విషయంలో బెంగళూరువాళ్లు అదృష్టవంతులు, ఇక్కడి ఎర్రమన్నే దానికి ఇష్టం. మూడు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు గరుకు ఇసుక, పైన పిడికెడు బాగా మాగిన కంపోస్టు. అంతకు మించి వద్దు. ఎం శాండ్ (రాళ్లు నలగ్గొట్టి చేసే ఇసుక) వాడితే ముందు నీళ్లలో కడిగి దుమ్ము పోనివ్వండి, లేకపోతే కుండీలో సిమెంటులా గట్టిపడుతుంది. కొబ్బరిపొట్టు వేయకండి. వానాకాలంలో అది నీళ్లు పట్టి ఉంచుతుంది, ఈ మొక్కకు తడి కాళ్లంటే పడదు. నర్సరీల్లో అమ్మే ఎరువు కలిపిన మన్ను బస్తా గులాబీలకు బాగుంటుందేమో గానీ దీనికి పనికిరాదు.

నేల మీద వేసేవాళ్లకు చెప్పాల్సింది తక్కువ. ఇల్లు కట్టిన చెత్త, ఇటుక ముక్కలు కలిసిన నేలలో కూడా ఇది బతుకుతుంది. నీళ్లు నిలవకుండా చూసుకుంటే చాలు. మొక్కకు మొక్కకు ఒకటిన్నర అడుగు ఎడం వదలండి.

వేరుబుడిపెలు

వెంపలి తనకు కావలసిన నత్రజనిని గాలి నుంచి తీసుకుంటుంది. తానొక్కతే కాదు, వేర్ల మీది బుడిపెల్లో కాపురముండే రైజోబియం బాక్టీరియా తీసి పెడుతుంది. దానికి బదులుగా మొక్క చక్కెర పెడుతుంది. పొలంలో, రోడ్డు పక్క ఆ బాక్టీరియా మన్నులో ఉంటుంది. మిద్దె మీద కుండీలో ఉండకపోవచ్చు. వెంపలి అలసంద జట్టుకు చెందింది, అంటే అలసందకు, పెసరకు పనిచేసే రైజోబియం దీనికీ పనిచేస్తుంది.

ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జీకేవీకేలో నవంబరులో జరిగే కృషి మేళాకు వెళ్లినప్పుడు ఒక రైజోబియం ప్యాకెట్ కొన్నాను. ఎంతో ముందుచూపు అనుకున్నాను. జూన్‌లో తీసి చూస్తే గడువు దాటిపోయింది. అందులో ఉండేది బతికున్న జీవి, పెరుగు తోడు లాంటిది. విత్తే నెలలోనే కొనండి, ఎండ తగలకుండా చల్లగా ఉంచండి. వాడే విధానం ఇది: అర గ్లాసు నీళ్లలో చిన్న బెల్లం ముక్క కరిగించి, చల్లారాక పొడి కలిపి, నానిన గింజలకు పూతలా పట్టించి, నీడలో పావుగంట ఆరనిచ్చి వెంటనే విత్తాలి.

ప్యాకెట్ దొరక్కపోయినా చింత లేదు. గింజలు కోసిన చోటే, వెంపలి మొక్క మొదట్లో ఓ రెండు గుప్పెళ్ల మన్ను తీసుకొచ్చి కుండీ పైపొరలో కలపండి. నేను ఇప్పుడు ఇదే చేస్తున్నాను, డబ్బు ఖర్చు లేదు, గడువు గొడవా లేదు.

రెండు నెలలయ్యాక ఎక్కువైన మొక్క ఒకటి పీకి చూడండి. వేర్ల మీద చిన్న చిన్న బుడిపెలుంటే, ఒకదాన్ని గోటితో చిదమండి. లోపల గులాబీ, ఎరుపు రంగు కనిపిస్తే పని జరుగుతోందని అర్థం. తెల్లగానో పచ్చగానో ఉంటే బుడిపె ఉన్నా నత్రజని రావడం లేదు. మన రక్తానికి ఎరుపునిచ్చే పదార్థానికి చుట్టమే ఒకటి ఆ బుడిపెలో ఉంటుంది, ఆ ఎరుపు దానిదే.

విత్తడం, మొదటి ఆరు వారాలు

కుండీకి మూడు గింజలు, సెంటీమీటర్ లోతున. అంతకన్నా లోతుకు పోతే పైకి రావడానికి తంటాలు పడుతుంది. పైన పల్చగా ఇసుక చల్లి, సన్నటి తుంపరతో తడపండి. గీకి నానబెట్టిన గింజలు వారం అటూఇటుగా మొలుస్తాయి.

ఇక్కడ ముగ్గురు శత్రువులున్నారు. పావురాలు మొలక తల తెంపేస్తాయి, కొరకవు, ఊరికే తెంపి పడేస్తాయి. పాత దోమతెర ముక్క కప్పండి. నేల మీద వేసినవాళ్లకు వానాకాలంలో పెద్ద ఆఫ్రికా నత్తలొస్తాయి, రాత్రి టార్చి పట్టుకుని ఏరడం తప్ప వేరే మంచి మార్గం నాకు దొరకలేదు. గ్లవ్స్ వేసుకుని ఏరండి. మూడో శత్రువు మనమే. రోజూ నీళ్లు పోసి పోసి మొలక మొదలు కుళ్లేలా చేస్తాం. పైమన్ను ఒక వేలు మడత లోతు ఆరాకే నీళ్లు.

మొలక ఆకులు వేశాక ఇక పెరగడం ఆపేసినట్టు అనిపిస్తుంది. మూడు వారాలకు రెండంగుళాలు. టెన్షన్ పడొద్దు, యూరియా అంతకన్నా వద్దు. ఈ సమయమంతా మొక్క కింద వేరు దించుకుంటోంది. ఇప్పుడు నత్రజని ఎరువు వేస్తే, చేతికి తిండి దొరికిన మొక్క బుడిపెలు పెట్టే కష్టం పడదు. ఆకులు పచ్చగా, కాడ బలహీనంగా తయారవుతుంది. నేను ఒక కుండీకి పేడ, మూత్రంతో చేసే జీవామృతం పోశాను, పక్కదానికి ఏమీ పోయలేదు. మూడో నెలలో పోయనిదే నిటారుగా నిలబడింది, పోసినది కర్ర కట్టించుకుంది.

ఆరో వారానికి మూడింట్లో బలమైన దాన్ని ఉంచి మిగతావి మొదలు దగ్గర కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

ఆ తర్వాత

ఆరు గంటల ఎండ ఉంటే చాలు, ఎనిమిది ఉంటే సంతోషం. నీడలో పొడుగ్గా సాగి పూయదు. వానాకాలంలో నీళ్లు పోయాల్సిన పనే ఉండదు, కుండీ అడుగు చిల్లులు మూసుకుపోకుండా చూడండి. వాన లేనప్పుడు వారానికి రెండుసార్లు. నేల మీద మొక్కకు మొదటి రెండు నెలల తర్వాత నేను నీళ్లే పోయలేదు.

ఒకరోజు కూరగాయల బండి తోసుకొచ్చే చింతామణి ఊరామె గేటు దగ్గర నా నేల మొక్కను చూసి ఆగిపోయింది. "ఏందక్కా, ఎంపలి చెట్టుకి పాది కట్టినావు? మా పక్క దీన్ని చేలో చల్లేసి మరిచిపోతాం కదా!" అంది. పాది తీసేశాను. ఆ నెలలోనే పూసింది, పాది తీసినందుకని చెప్పలేను గానీ నాకైతే అలాగే అనిపించింది.

అడుగు ఎత్తు వచ్చాక కొనలు తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. పొదలా కావాలంటే చేయండి, లేకపోతే వదిలేయండి.

పురుగులు పెద్దగా రావు. ఆకుల్లో ఉండే రొటెనాయిడ్ అనే పదార్థాలు చాలా పురుగులకు పడవు. పేనుబంక, పిండినల్లి కనిపిస్తే నీళ్లు జోరుగా కొట్టి కడిగేయండి. మొగ్గల్లో, లేత కాయల్లో చిన్న ఆకుపచ్చ పురుగులు ఉండొచ్చు. చిన్న నీలి సీతాకోకచిలుకల్లో కొన్ని చిక్కుడు జాతి పూమొగ్గల మీదే గుడ్లు పెడతాయి. పది కాయలు పోతే పోనీ అని నేను వాటిని ముట్టుకోను.

కోసి మన్నులో కలపడం

మా తాత వెంపలి వేరుతో పళ్లు తోముకునేవాడు. కానీ చేనుకు దాని అసలు ఉపయోగం పచ్చిరొట్ట. జీలుగ, జనుము, పిల్లిపెసర లాగే దీన్నీ కోసి మన్నులో తొక్కేవారు. పశువులు దీన్ని పెద్దగా మేయవు కాబట్టి కంచె అవసరం లేదు. ఒకసారి చల్లితే రాలిన గింజలు మళ్లీ తామే మొలుస్తాయి. గట్టి తోలు అక్కడ లాభమే.

మిద్దె తోటలోనూ అంతే. పూత మొదలైన వారంలో, కాడ ఇంకా మెత్తగా ఉన్నప్పుడు, మొదట్లో జానెడు వదిలి కోయండి. కాయలు పట్టాక కాడ పుల్లబారుతుంది, కుళ్లడానికి చాలా కాలం పడుతుంది. కోసిన రొట్టను రెండంగుళాల ముక్కలు చేసి ఖాళీ కుండీల మన్నులో కలిపి, తడి ఆరకుండా మూడు వారాలు ఉంచి, అప్పుడు టమాట, వంగ నారు నాటండి. కలిపిన మర్నాడే నాటితే కుళ్లే వేడికి నారు వాడిపోతుంది. అన్ని మొక్కలూ కోయకండి, గింజల కోసం రెండు వదలండి.

జాగ్రత్తలు

ఈ మొక్కను దంచి నీళ్లలో కలిపి చేపలు పట్టడం చాలా చోట్ల పాత అలవాటు. ఆకుల్లోని అదే పదార్థాలు చేపలకు ఊపిరాడకుండా చేస్తాయి. కాబట్టి తామరకుండీలో గప్పీ చేపలు పెంచేవాళ్లు, అక్వేరియం ఉన్నవాళ్లు కోసిన కొమ్మలు అందులో పడకుండా చూసుకోండి. గింజలు నానబెట్టిన నీళ్లు, కడిగిన నీళ్లు కూడా వేరే మొక్కకు పోయండి.

ఆయుర్వేదంలో దీనికి ప్లీహశత్రు అని ఇంకో పేరుంది, ప్లీహ రోగాలకు మందుగా వాడతారు. ఈ సంగతి తెలిసి మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ కషాయానికి ఆకులడిగింది. ఇవ్వలేదు, కోపం వచ్చింది. మందుగా వాడాలంటే వైద్యుడు చెప్పాలి, ఏ భాగం, ఎంత, ఎవరికి అని. మిద్దె మీద పెంచే నేను చెప్పేది కాదు.

రెండో ఏడు

వెంపలి ఒక్క ఏడాది మొక్క కాదు. ఫిబ్రవరిలో కాయలన్నీ కోశాక, మొదలు నుంచి జానెడు ఉంచి మిగతాదంతా నరికేయండి. వేసవిలో ఎండిపోయినట్టు కనిపిస్తుంది. నేను మొదటి వేసవిలో చచ్చిందనుకుని పీకబోయాను, రెండు చేతులతో లాగినా రాలేదు. అది చచ్చిన వేరు కాదని అప్పుడర్థమైంది. వారానికోసారి కొంచెం తడిపితే చాలు, మే జల్లులకు మొదలు దగ్గర నుంచి చిగుళ్లు వేస్తుంది. రెండు మూడేళ్లయ్యాక మొదలు బాగా కట్టెబారి పూత తగ్గుతుంది, అప్పుడు కొత్త గింజ వేసుకోవాలి.

కాయలు పగిలే కాలంలో గింజలు పక్క కుండీల్లోకి ఎగురుతాయి. కరివేపాకు కింద, మల్లె కింద, ట్యాంకు పైపు పక్క పగులులో కూడా మొలిచింది. పగులులో మొలిచినదాన్ని వెంటనే తీసేయండి, వేరు స్లాబులోకి దిగితే ఇంటి ఓనర్‌కు సమాధానం చెప్పలేం. నేను తీసేసరికి జానెడు మొలకకు మూరెడు వేరు వచ్చింది.

నిల్వ చేసిన గింజల డబ్బా మీద కోసిన నెల, ఏడు, చోటు రాసిపెట్టుకోండి. గీకినవాటిని నిల్వ చేయొద్దు, గీకని గింజ మాత్రం ఏళ్ల తరబడి ఆగుతుంది. ఈ ఏడాది జూన్‌లో నేను విత్తినవి మూడేళ్ల కిందటివి, డబ్బా మీద "ఖాళీ సైట్, డిసెంబరు" అని ఉంది. ఆ సైట్‌లో ఇప్పుడు నాలుగంతస్తుల ఇల్లు లేచింది. ఆ మొక్కల పిల్లలు మా మిద్దె మీదున్నాయి.